వెలుతురును పంచే విద్య: డాడ్జింగ్, బర్నింగ్‌ల పుట్టుపూర్వోత్తరాలు

ఫోటోలో ఒక భాగానికి మాత్రమే వెలుతురు పెంచడాన్ని డాడ్జింగ్ అనీ, ఒక భాగానికి మాత్రమే తగ్గించడాన్ని బర్నింగ్ అనీ ఛాయాచిత్రకారులు వ్యవహరిస్తారు. హైదరాబాదులోని యాకుత్‌పురాలో నేటి పెళ్లి ఆల్బమ్‌ను దిద్దేవారు కంప్యూటరు తెర మీద చేసే ఈ పనికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను ముందుకు నడిపిన ఇబ్బందులన్నీ హైదరాబాదీ పెళ్లి ఫోటో ఒక్కదానిలోనే కనిపిస్తాయి.

నికాహ్ నాడు వరుని ముఖం ముందు వేలాడే పూలతెరను సెహ్రా అంటారు. ఫంక్షన్ హాలులోని వీడియో లైట్ల కాంతి నేరుగా పడడం వల్ల మల్లెపూలు ధగధగలాడుతుంటే, వాటి వెనుక ముఖం నీడలో ఉండిపోతుంది. మనిషి కన్ను పూల మీది నుంచి ముఖం మీదికి మళ్లేటప్పుడు తనను తాను సర్దుకుంటుంది కనుక రెండింటినీ చక్కగా చూడగలుగుతుంది. కెమెరా మాత్రం మొత్తం దృశ్యానికి ఒకే మోతాదు కాంతిని, అంటే ఒకే ఎక్స్‌పోజర్‌ను స్వీకరిస్తుంది కనుక, ముఖం తెలియాలంటే పూలు వెలిసిపోతాయి, పూలు నిలవాలంటే ముఖం నల్లబడుతుంది.

1851లో వెలుగులోకి వచ్చిన కొలోడియన్ పద్ధతిలో, అంటే గాజుపలకకు రసాయనం పూసి తడి ఆరకముందే చిత్రం తీసే పద్ధతిలో, ఈ చిక్కు మరింత జటిలమైంది. ఆ పలక నీలి కాంతికి విపరీతంగా స్పందించేది కాని ఎరుపును దాదాపు గుర్తించేదే కాదు. అందువల్ల ఆకాశం తెల్లకాగితంలా మిగిలేది, హైదరాబాదీ వధువు ధరించే ఎర్రని ఖడా దుపట్టా వంటి వస్త్రం నలుపుగా దిగేది, గోధుమవన్నె మేనిఛాయ కంటికి కనిపించేదానికన్నా ముదురుగా వచ్చేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850లలో సముద్రానికొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ వాడి రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి ఈ చిక్కును అధిగమించాడు. చిత్రంలోని ఒక్కో భాగానికి విడివిడిగా ఎక్స్‌పోజర్ నిర్ణయించవచ్చన్న ఆలోచన అప్పటికే అతని పనిలో స్థిరపడింది.

ఆ యుగంలో హైదరాబాదును చిత్రించినవారిలో అగ్రగణ్యుడు రాజా దీన్‌దయాళ్. 1844లో సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివిన ఆయన 1880ల నడుమ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో జనానా స్టూడియోను కూడా తెరిచాడు. ఆయన సంస్థకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసింది.

ఆ కాలపు పెద్ద స్టూడియోలలో నెగెటివ్‌ను దిద్దడమే ఒక ప్రత్యేక వృత్తి. నెగెటివ్‌లో వెలుగునీడలు తారుమారై ఉంటాయి కనుక, పలకను ఏటవాలు బల్ల మీద నిలిపి, అడుగు నుంచి అద్దంతో వెలుతురు మళ్లించి, వార్నిష్ పూసిన ముఖభాగం మీద సన్నని పెన్సిలుతో చుక్కలు పెడితే, అచ్చులో ఆ చోటు అంతమేర తేలికపడేది. పలక వెనుక పలుచని కాగితం అంటించినా అదే ఫలితం. నెగెటివ్‌నూ కాగితాన్నీ కలిపి బిగించి ఎండలో ఆరబెట్టినట్టు ఉంచిన చట్రంలో చిత్రం నిమిషాల తరబడి క్రమంగా ముదురుతుంది గనుక, చాలినంత నల్లబడిన చోటును కప్పివేయడానికీ వ్యవధి దొరికేది. 1873లో జర్మనీకి చెందిన వోగెల్ పలకకు రంగులద్ది దాని దృష్టిని విస్తరింపజేసే మార్గం కనుగొన్నాడు. కాని అన్ని వర్ణాలకూ స్పందించే పలకలు అంగడికి వచ్చింది 1906లో, దీన్‌దయాళ్ మరణించిన మరుసటి ఏడాది.

విద్యుద్దీపంతో నెగెటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ వచ్చాక, నెగెటివ్‌కూ కాగితానికీ నడుమ చేతులాడించే చోటు ఏర్పడింది. సన్నని తీగకు గుండ్రని అట్టముక్క గుచ్చి, కాగితం మీద పది సెకన్లు పడే కాంతిలో మూడు సెకన్లపాటు ముఖానికి అడ్డుపెడితే అది డాడ్జింగ్. అటుపైన మరో అట్టలోని రంధ్రం గుండా పూలకు మాత్రమే అదనపు కాంతినిస్తే అది బర్నింగ్. అట్టను క్షణమైనా నిలపకుండా కదుపుతూ ఉండాలి, లేకుంటే దాని అంచు చిత్రం మీద గీతగా మిగులుతుంది. ఆ కదలికను కొలిచి రాయడం కుదరదు కనుక, ఒకే నెగెటివ్ నుంచి వచ్చిన రెండు ప్రతులు అచ్చంగా ఒక్కలా ఉండేవి కావు. అమెరికాకు చెందిన ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయ చిత్రంలో ఆకాశాన్ని తరువాతి దశాబ్దాలలో మరింత మరింత నల్లగా అచ్చువేయడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

1990లో విడుదలైన ఫోటోషాప్ అనే సాఫ్ట్‌వేరు డార్క్‌రూం పనులను, అంటే చీకటిగదిలో చేసే ఈ పనులను, కంప్యూటరు తెర మీదికి తెచ్చింది. అందులో డాడ్జ్ పనిముట్టుకు తీగకు గుచ్చిన అట్టముక్క, బర్న్ పనిముట్టుకు గుప్పిలి మడిచిన చేయి నేటికీ గుర్తులుగా ఉన్నాయి. 2008 నాటి లైట్‌రూం అనే సాఫ్ట్‌వేరు రెండవ రూపంలో బ్రష్‌తో పూసిన చోటికే ఎక్స్‌పోజర్ మార్చే సదుపాయం వచ్చింది. మార్పులు ఆదేశాలుగా విడిగా నమోదవుతూ అసలు చిత్రం చెక్కుచెదరకుండా ఉండడం దాని అసలైన మేలు. ఇక్కడ మార్పు ఎంతవరకు వ్యాపించాలో నిర్ణయించే హద్దును మాస్క్ అంటారు, పూర్వపు అట్టముక్క నీడ చేసిన పనినే అది చేస్తుంది.

అయితే డిజిటల్ కెమెరా షరతులు వేరు. పద్నాలుగు బిట్ల ముడి ఫైలులో 16,384 కాంతిస్థాయిలు ఉన్నా, వాటిలో సగం అత్యంత ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే, అంటే కాంతి రెట్టింపయ్యే ఒక్క మెట్టుకే పోతాయి. నీడలకు మిగిలేవి కొద్ది స్థాయిలే కనుక సెహ్రా వెనుక ముఖాన్ని మూడు స్టాపులు పెంచితే గరుకైన చుక్కలు తేలతాయి. మల్లెల వెలుగు కెమెరాలో కాంతిని గ్రహించే సెన్సారు పరిమితిని దాటిపోయిందంటే మాత్రం ఎంత బర్నింగ్ చేసినా రేకులు తిరిగి రావు, ఆ చోట చప్పటి బూడిదరంగు మాత్రమే పరచుకుంటుంది. అందుకే ఫోటో తీసేటప్పుడే పూలను కాపాడుకుని, ముఖాన్ని తరువాత పైకి తేవడం శ్రేయస్కరం.

ఆ పైకి తేవడం ఎంతవరకు అన్నదే ఈ విద్యలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం. ఎరుపును చూడలేని గాజుపలక నల్లబరిచిన ముఖాన్ని దాని స్వస్థితికి తేవడం న్యాయమైన పని. నేటి సెన్సారుకు ఆ లోపం లేదు. అయినా వధూవరుల ఛాయను ఉన్నదానికన్నా తెల్లగా చేసి ఇవ్వడం ఆల్బమ్ తయారీలో అలవాటుగా పాతుకుపోయింది, ఇది ఆ ముఖాలకు అన్యాయం. నీడను తొలగించి, చర్మపు వన్నెను తొలగించకపోవడం సాధ్యమే: నుదుటి మీదా చెంపల మీదా వెలుతురు ఒకే తీరున పరిచే బదులు, కళ్లగుంటలకూ గడ్డం కిందికీ మాత్రమే చిన్న బ్రష్‌తో అరస్టాపు చొప్పున పెంచుకుంటూ పోవాలి. 2021 నుంచి లైట్‌రూం మనిషినీ ఆకాశాన్నీ తానే గుర్తించి మాస్క్ గీస్తున్నది. కాని సెహ్రా దారాల నడుమ సందుల్లోంచి తొంగిచూసే ముఖం వంటి చోట ఆ హద్దు పూలనూ చర్మాన్నీ కలిపేసుకునే ప్రమాదం ఉంది కనుక, దారం వెంబడి దారంగా దాన్ని చేత్తోనే సరిచేయవలసి వస్తుంది.