మూత్రనాళంలో రాయి: కత్తి నుండి కాంతి దాకా

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి చేలలో మిరప కోతలు ముగిసేనాటికి ఎండలు ముదురుతాయి. రోజంతా చెమటోడ్చి, చాలినంత నీరు తాగని కూలీకి మూత్రం చిక్కబడుతుంది. అందులో కరిగి ఉండలేని లవణాలు స్ఫటికాలై, క్రమంగా రాయిగా పెరుగుతాయి. ఆ రాయి మూత్రపిండం నుండి జారి మూత్రనాళంలో ఇరుక్కొంటే కలిగే నొప్పి పడినవారికే తెలుసు. నాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మూత్రాశయంలోని రాయిని కోసి తీసే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది. మూత్రనాళం మాత్రం చేతికందని చోటు. గుంటూరు వైద్య కళాశాల ప్రారంభమైన 1946 నాటికి, దానంతట అది దిగిరాని రాయికి ప్రపంచంలో ఎక్కడైనా డొక్క కోయడమే ప్రధాన మార్గం. తీగబుట్టను లోపలికి పంపి, కంటికి కనపడకుండానే రాయిని లాగే పద్ధతి కూడా ఉండేది. ఒక్కొక్కప్పుడు రాయితోపాటు నాళమే తెగి వచ్చేది!

1912లో అమెరికా వైద్యుడు హ్యూ హాంప్టన్ యంగ్ ఒక బాలుని వాచిన మూత్రనాళంలోనికి దర్శినిని పోనిచ్చి చూశాడు. అందరి నాళాలూ అలా వెడల్పుగా ఉండవు కదా! స్పెయిన్ వైద్యుడు పెరెజ్ కాస్ట్రో తగిన పొడవైన యురెటెరోస్కోపును 1980లో వాడుకలోకి తెచ్చాడు. 1960లో మైమన్ వెలిగించిన లేసర్ కాంతి, 1990 తర్వాత హోల్మియం లేసర్ రూపంలో సన్నని గాజుతంతువు గుండా రాయిని చేరింది. నేడు గుంటూరు, ఒంగోలులలోనూ ఈ చికిత్స జరుగుతున్నది.

కత్తి పోయినంత మాత్రాన ప్రమాదం పోలేదు. హోల్మియం కాంతిని నీరు ఇట్టే పీల్చుకొంటుంది. అందుచేత కాంతి లోతుకు పోదు. అది మేలే. కాని ఆ నీరు వేడెక్కి నాళపు గోడను కాల్చవచ్చు. తంతువు కొన గోడకు తగిలితే చిల్లు పడవచ్చు. వేడి తగ్గేందుకు నీటిని ధారగా పంపుతారు. ధార ఎక్కువైతే మూత్రపిండంలో పీడనం పెరిగి, అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో చేరుతాయి. చలిజ్వరంతో మొదలై ప్రాణం మీదికి వచ్చేది ఇదే. అందువల్ల ముందే మూత్రపరీక్ష చేసి, సూక్ష్మజీవులుంటే మందులిస్తారు. నాళం ఇరుకైతే బలవంతం చేయక, స్టెంటు అనే మెత్తని గొట్టం ఉంచి, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తారు. ఈ వెనుకంజ చేతగానితనం కాదు.

కాలిన గోడ మానేటప్పుడు ముడుచుకొని నాళం మూసుకుపోవచ్చు. దీనికి నొప్పి ఉండకపోవచ్చు. బాధ తీరిందని పత్తిచేలోకి తిరిగి వెళ్ళిన మనిషి మూత్రపిండం అతనికి తెలియకుండానే చెడిపోతుంది. కొన్ని వారాల తర్వాత అల్ట్రాసౌండు పరీక్షకు రమ్మనేది అందుకే.