కాన్పు గదిలో రక్తస్రావం: కంటి అంచనాకు బదులు కొలత – ఇటీవలి పరిశోధనల ఫలితాలు

చంద్లాపూర్ (సిద్దిపేట జిల్లా): రంగనాయకసాగర్ జలాశయం చెంతనున్న చంద్లాపూర్ వంటి గ్రామాలలో పూర్వం కాన్పులు మంత్రసాని చేతుల మీదుగా ఇంటి వద్దనే జరిగేవి. ఆ పరిస్థితి నేడు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, సర్వేకు ముందు ఐదేళ్ల కాలంలో తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలు 2014-16లో 81 కాగా, 2018-20 నాటికి 43కు తగ్గినట్లు నమూనా నమోదు వ్యవస్థ గణాంకాలు తెలుపుతున్నవి. గర్భిణిని ఆసుపత్రికి చేర్చడం చాలావరకు సాధ్యమైనందున, చేరిన తరువాత కాన్పు గదిలో ఏమి జరుగుతున్నదన్నదే ఇప్పుడు ప్రధానాంశం. ఇటీవలి ముఖ్య పరిశోధనలు కొన్ని సరిగా దీనిపైనే సాగాయి.

మాతృ మరణాలకు ప్రపంచవ్యాప్తంగా ప్రధాన కారణాలలో ఒకటి ప్రసవానంతర రక్తస్రావం. బిడ్డ పుట్టి, మాయ పడిన తరువాత గర్భసంచి గట్టిగా ముడుచుకొనవలెను. అది ముడుచుకొననిచో రక్తం ధారగా పోతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది కనుక, వ్యవధి గంటలలో కాక నిమిషాలలోనే ఉంటుంది. 500 మిల్లీలీటర్లు లేదా అంతకుమించి రక్తం పోవడాన్ని వైద్యులు ప్రసవానంతర రక్తస్రావంగా పరిగణిస్తారు. అయితే ఆ 500 మిల్లీలీటర్లను చాలాచోట్ల కంటితో చూసి అంచనా వేయడమే ఆనవాయితీగా ఉన్నది. గుడ్డలలో ఇంకినది, పరుపు మీద పారినది ఎంతో చెప్పడం అనుభవజ్ఞులకు సైతం కష్టమే.

పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో జరిగిన పరిశోధన ఈ లోపాన్ని స్పష్టం చేసింది. కాన్పు అయిన వెంటనే తల్లి నడుము క్రింద పరచి, కొలత గీతలున్న సంచిలోనికి రక్తం చేరేలా రూపొందించిన ప్లాస్టిక్ పట్టాను అక్కడ వినియోగించారు. కంటి అంచనా ఈ పట్టా కొలత కంటే 33 శాతం తక్కువగా ఉన్నట్లు 2006లో వెల్లడైంది.

దీని పూర్తి ప్రయోజనం 2023లో ఇ-మోటివ్ అధ్యయనంతో తేటతెల్లమైంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలోని 80 ఆసుపత్రులలో, సహజ కాన్పు జరిగిన 2 లక్షల 10 వేలకు పైగా స్త్రీలపై ఈ అధ్యయనం సాగింది. పట్టాతో కొలిచి, రక్తస్రావం కనిపించిన వెంటనే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్ వంటి మందులు, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, తదుపరి పరీక్షలను ఒకదాని ఫలితం కొరకు మరొకటి ఆపకుండా ఏకకాలంలో అందించారు. పాత పద్ధతిలో 51 శాతం రక్తస్రావాలు మాత్రమే గుర్తింపునకు రాగా, ఈ పద్ధతిలో 93 శాతం గుర్తించగలిగారు. తీవ్ర రక్తస్రావం, దానివలన శస్త్రచికిత్స లేదా మరణం కలిపి 4.3 శాతం నుండి 1.6 శాతానికి తగ్గినవి. ఇందులో వాడిన మందులేవీ క్రొత్తవి కావన్నది గమనార్హం. లోపించినది సకాలంలో గుర్తింపు.

ట్రానెక్సామిక్ ఆమ్లం విషయమూ ఇటువంటిదే. 21 దేశాలలో 20 వేల మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. ప్రసవమైన మూడు గంటలలోపు ఈ మందు ఇచ్చినచో రక్తస్రావ మరణాలు 31 శాతం తగ్గినట్లు అందులో తేలింది. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి ప్రయోజనం సుమారు 10 శాతం తరిగిపోతుందని 2018 నాటి విశ్లేషణ తెలిపింది.

ఈ ఫలితాల నేపథ్యంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో క్రొత్త మార్గదర్శకాలను విడుదల చేసింది. నాడి లేదా రక్తపోటులో తేడా కనిపించినచో, 500 మిల్లీలీటర్ల వరకు వేచియుండక 300 వద్దనే చికిత్స మొదలుపెట్టవలెనని వాటిలో సూచించింది.

అయితే ఇ-మోటివ్ ఫలితాలు సహజ కాన్పులకే వర్తిస్తాయి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో సిజేరియన్ల శాతం 60.7గా ఉండేది. అప్పట్లో ఇది దేశంలోనే అత్యధికం. నాటి జాతీయ సగటు 21.5 మాత్రమే. కనుక ఇక్కడ అధిక శాతం తల్లులకు రక్తస్రావం కొలవవలసిన స్థలం ఆపరేషన్ థియేటరు. అక్కడ పట్టా కంటే సక్షన్ జాడీలోని పరిమాణం, తడిసిన గుడ్డల తూకమే ఆధారాలు.

రక్తహీనత మరో చిక్కు. అదే సర్వేలో రాష్ట్ర గర్భిణులలో 53.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కొద్దిపాటి నష్టమూ ప్రమాదకరమే. రక్తహీనత గల తల్లులకు ముందుజాగ్రత్తగా ట్రానెక్సామిక్ ఆమ్లం ఇచ్చినచో రక్తస్రావం తగ్గునా అని 15 వేల మందిపై పరీక్షించగా, తగ్గలేదని 2023లో వెల్లడైంది. అనగా కాన్పు గదిలో ఇచ్చే ఇంజెక్షను రక్తహీనతకు ప్రత్యామ్నాయం కాజాలదు. చంద్లాపూర్ వంటి గ్రామాలలో ఆ పని నెలల ముందే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల వద్ద ఆరంభం కావలెను. 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ విధానం ప్రకారం గర్భిణికి నాలుగవ నెల నుండి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ప్రతిదినం ఒక ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వవలసియున్నది.