గంటం, టచ్‌స్క్రీన్, ఇసుక గడియారం: ‘ఫాంటమ్ అవర్‌గ్లాస్’ వీడియో గేమ్ బలాబలాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2007లో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్’ దాదాపు పూర్తిగా టచ్‌స్క్రీన్‌పై చిన్న పుల్లతో ఆడే సాహస వీడియో గేమ్. పటం మీద ఆటగాడు స్వయంగా రాసుకోగలగడం దాని బలంగానూ, ఒకే ఆలయానికి పదేపదే వెళ్ళవలసి రావడం దాని బలహీనతగానూ పేరుపడ్డాయి. ఈ రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయని, రెండోది తొలగితే మొదటిదాని అవసరం తగ్గుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీడియో గేమ్, టచ్‌స్క్రీన్, గంటం, తాళపత్రం, పునరావృత్తి, బేతాళ కథలు, మౌలాలి

1. గుర్తు, పునరాగమనం

హైదరాబాదుకు తూర్పున ఉన్న మౌలాలి గుట్ట ప్రసిద్ధికి మూలం ఒక కల అని ఐతిహ్యం. ఇబ్రహీం కుతుబ్ షా పాలనాకాలంలో, 1578లో, యాకూత్ అనే ఆస్థాన సేవకుడికి హజ్రత్ అలీ ఈ గుట్టపై కలలో దర్శనమిచ్చారని, మేలుకొన్నాక అక్కడి రాతిపై ఆయన అరచేతి గుర్తు కనిపించిందని చెబుతారు. గుట్టపై దర్గా వెలసింది. రజబ్ నెల 17న జరిగే ఉర్సుకు భక్తులు తరతరాలుగా అదే గుట్ట ఎక్కుతున్నారు. నిరుడు ఎక్కిన మెట్లే కదా అని ఎవరూ విసుక్కోరు.

ఈ ఐతిహ్యంలో రెండు అంశాలు గమనించదగినవి: చేయి విడిచిన గుర్తు, అదే చోటికి మళ్ళీ రావడం. ‘ఫాంటమ్ అవర్‌గ్లాస్’కు మౌలాలితో చారిత్రక సంబంధం ఏదీ లేదు. అయితే ఆ ఆట కూడా ఈ రెంటి మీదే నిలబడింది. మొదటిది దానికి కీర్తి తెచ్చింది. రెండోది అపకీర్తి తెచ్చింది. గుట్ట మీద లేని విసుగు ఆటలో ఎందుకు పుట్టిందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. నొక్కితే పలికే తెర

నింటెండో డీఎస్ అనే చేతిలో ఇమిడే పరికరం 2004 చివర మార్కెట్‌లోకి వచ్చింది. పుస్తకంలా తెరుచుకునే దానిలో రెండు తెరలుంటాయి; కింది తెర మాత్రమే స్పర్శను గ్రహిస్తుంది. దానికి చర్మస్పర్శతో పని లేదు, ఒత్తిడి కావాలి. కనుకనే పుల్ల మొనతో సన్నని గీత గీయడం సాధ్యమయింది. ‘ఫాంటమ్ అవర్‌గ్లాస్’ జపాన్‌లో 2007 జూన్ 23న వెలువడింది. సరిగ్గా ఆరు రోజులకు, జూన్ 29న, అమెరికాలో ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. ఐఫోన్ తెర వేలి విద్యుత్ స్పర్శను గ్రహించేది; ఆ తర్వాతి ఫోన్లన్నీ దాదాపు ఆ దారినే నడిచాయి. పుల్లతో ఆడే సాహస క్రీడ తన పరిణత రూపానికి చేరిన వారంలోనే దాని సాంకేతికతకు గడువు మొదలయిందన్నమాట.

తెలుగు పాఠకుడికి ఈ పుల్ల కొత్త వస్తువు కాదు. తాటాకుపై ఇనుప గంటంతో గీరి, పైన మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలేది. అక్కడ కూడా రాత అంటే ఒత్తిడే. మౌలాలికి కొద్ది దూరంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఆ గంటపు గీతలను ఇప్పటికీ చూడవచ్చు.

3. ఆటగాడే లేఖకుడు

ఐజి అవొనుమా నిర్మాతగా, దైకి ఇవమొతో దర్శకుడిగా రూపొందిన ఈ ఆటలో కథ సరళమైనది. దయ్యాల ఓడ ఎక్కి మాయమైన టెట్రా కోసం లింక్ అనే బాలుడు లైన్‌బెక్ అనే పిరికి నావికుడితో సముద్రం గాలిస్తాడు. ప్రతినాయకుడి పేరు బెల్లమ్. తెలుగు చెవికి అది తియ్యగా వినిపించడం కేవలం యాదృచ్ఛికం.

కథకన్నా ముఖ్యమైనది పటం. పై తెరలో ఉన్న పటాన్ని కింది తెరకు దించి, ఆటగాడు దానిపై తన దస్తూరీతో రాసుకోవచ్చు. ఒక శిలాఫలకం ఏదో సూచన ఇస్తుంది, ఒక ముసలివాడు ఒక దారి చెబుతాడు. వాటిని ఆట గుర్తుంచుకోదు, ఆటగాడే గుర్తుంచుకోవాలి. తొలి దీవిలోనే తీరాన ఎన్ని ఈతచెట్ల వంటి చెట్లున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను తలుపుపై రాస్తే గాని లోపలికి వెళ్ళలేడు. బూమరాంగ్ ఎగరవలసిన వంపును, ఓడ నడవవలసిన మార్గాన్ని కూడా గీతగానే గీయాలి. అన్నిటికన్నా చమత్కారమైన ఘట్టం మరొకటి ఉంది. ఒక ముద్రను సముద్రపటంపై అద్దమంటుంది ఆట. తెరపై ఎంత రుద్దినా, ఎంత గీసినా ముద్ర పడదు. విసిగి పరికరాన్ని మూసి తెరిస్తే, పై తెరలోని ముద్ర కింది పటంపై అచ్చయి కనిపిస్తుంది. వస్తువు ఆకారాన్నే కథలో భాగం చేసిన ఇటువంటి సన్నివేశాలు వీడియో గేముల్లో అరుదు.

చిన్న లోపాలు లేకపోలేదు. గీసే చేయే తెరను కప్పేస్తుంది. దొర్లడానికి తెర అంచున సున్నాలు చుట్టాలి. అది తరచు గురి తప్పుతుంది. దీపాలు ఆర్పడానికి మైక్‌లోకి ఊదాలి, ధర తగ్గించడానికి అరవాలి – నలుగురిలో ఆడేవారికి ఇది ఇబ్బందే.

4. ఇసుక, ఆలయం, బేతాళుడు

అసలు ఆక్షేపణ సముద్రరాజు ఆలయం గురించి. సముద్రపటం నాలుగు భాగాలకూ, తర్వాతి కథకూ అక్కడికే వెళ్ళాలి. లోపలి గాలి ప్రాణం తీస్తుంది. ఇసుక గడియారంలో ఇసుక ఉన్నంతసేపే రక్షణ. మొదట 10 నిమిషాలు, పెరుగుతూ పోయి 25 నిమిషాలు. నీటిలో మునిగే గిన్నెతో కొలిచిన పూర్వపు ఘడియ 24 నిమిషాలు గనుక, ఆటగాడి చేతిలోని గరిష్ఠ ఆయుష్షు ఒక ఘడియకు నిమిషం ఎక్కువ. చాలాకాలం దాకా చంపరాని కాపలా భూతాలు నడవల్లో తిరుగుతుంటాయి. వచ్చిన ప్రతిసారీ పాత అంతస్తులను మళ్ళీ దాటాలి. నడిమి అంతస్తు నుంచి మొదలుపెట్టే వీలు ఒకటి తర్వాత లభిస్తుంది గాని, అది భారాన్ని సగమే తగ్గిస్తుంది.

పునరావృత్తి తనంతట తాను దోషం కాదు. ‘చందమామ’ బేతాళ కథల్లో విక్రమార్కుడు ప్రతిసారీ అదే చెట్టు దగ్గరికి వెళ్ళాడు, అదే శవాన్ని దించాడు, అదే శ్మశానం వైపు నడిచాడు. పాఠకుడు దశాబ్దాల పాటు విసుగు చెందలేదు. చెట్టు దాకా నడక నాలుగు పంక్తుల్లో ముగుస్తుంది. ఆపై వచ్చేది కొత్త కథ, కొత్త ప్రశ్న. ‘ఫాంటమ్ అవర్‌గ్లాస్’ ఈ నిష్పత్తిని తలకిందులు చేసింది: చెట్టు దాకా నడక దీర్ఘం, బేతాళుడు చెప్పేది స్వల్పం. మౌలాలి గుట్టెక్కే భక్తుడికి తోడు ఇసుక గడియారం లేదన్న సంగతీ మరువరాదు.

అయినా విమర్శకులు సాధారణంగా విడిచిపెట్టే అంశం ఒకటుంది. మొదటిసారి భూతాల రాకపోకలను, దాగుడు చోట్లను పటంపై రాసుకున్న ఆటగాడికే రెండోసారి ఇసుక మిగులుతుంది. మధ్యలో సంపాదించిన బాంబులు, కొక్కెం తాడు పాత గదుల్లోనే అడ్డదారులు తెరుస్తాయి. తిరిగి వెళ్ళే పని లేకపోతే రాసుకునే పని ఎక్కడిది? 2009 డిసెంబరులో వచ్చిన తరువాయి భాగం ‘స్పిరిట్ ట్రాక్స్’ ఇందుకు సాక్ష్యం. అందులోని గోపురంలో గడియారం లేదు, ప్రతిసారీ కొత్త అంతస్తులే. సున్నాలు చుట్టే బదులు రెండుసార్లు తాకితే దొర్లవచ్చు. లోపాలు దిద్దుకున్నారు. పటంపై రాసే వీలు అక్కడా ఉంది, కాని దానిలో పాత తొందర లేదు. రాసిన గుర్తు దగ్గరికి ఆటగాడు మళ్ళీ వచ్చే సందర్భాలు తగ్గాయి. దోషాన్ని తీసేసినప్పుడు గుణం కూడా కొంత జారిపోయింది.

5. పాత ప్రతులు

2023 మార్చి 27న వీ యూ, త్రీడీఎస్ పరికరాల ఆన్‌లైన్ దుకాణాలను నింటెండో మూసివేసింది. వీ యూలో డిజిటల్ రూపంలో కొనుక్కునే అవకాశం దానితో పోయింది. మిగిలింది పాత కార్ట్రిడ్జిలు, అరుగుతున్న తెరలు. రాతలు పరికరంలో కాక కార్ట్రిడ్జిలోనే భద్రమవుతాయి. కనుక పాత ప్రతిని కొన్నవారికి ఒక్కోసారి మునుపటి యజమాని ఆట చెరగకుండా దొరుకుతుంది. తాళపత్రం అంచున ఎవరో లేఖకుడు గీసిన గుర్తులా, భూతం తిరిగే నడవ పక్కన ఒక గీత, ఒక బాణం, ఒక వంకర అంకె అందులో ఉంటాయి.