గర్భాం గోతి, కోలారు సొరంగము

శ్రీకూర్మమునకు పడమట చీపురుపల్లి, గరివిడి ప్రాంతములందు మాంగనీసు ఖనిజము కలదు. ఉక్కులోని గంధకదోషమును హరించి, దానికి గట్టిదన మిచ్చునది మాంగనీసే. మన దేశమున దీని త్రవ్వకము 1892లో ఇచటి కోడూరునందు ఆరంభమయ్యెను.

సమీపముననున్న గర్భాంలో ఖనిజరాశి సుమారు 1,600 అడుగుల పొడవున నేలకు చేరువనే యుండెను. చుట్టునున్న శిల శిథిలమై బంకమన్నుగా మారినది. ఇట్టి నేలలో సొరంగము తొలిచినచో పైకప్పు నిలువదు. అందుచే పైమన్ను తీసి, గోతిగా త్రవ్విరి. అయితే గోతి లోతైనకొలది గట్లు కూలకుండ వాటిని వెనుకకు జరుపవలెను. పనికిరాని మన్ను తీయు ఖర్చు పెరుగును.

కోలారు బంగారము ఇందుకు భిన్నము. కఠినశిలల నడుమ అది సన్నని పొరలుగా ఏటవాలున పాతాళమునకు దిగియున్నది. 1880 తర్వాత అచట నిలువు బావులు దించి, అంతస్తుల వరుసను అడ్డసొరంగములు తొలిచి, రెండంతస్తుల నడుమనున్న ఖనిజమును తీసిరి. ఖాళీలలో గ్రానైటు గోడలు కట్టిరి. తెలుగు, తమిళ కార్మికులు 3 కిలోమీటర్లు మించిన లోతున శ్రమించిరి. అంత లోతున పైబరువుచే నొక్కబడిన శిల, ప్రక్కన ఖాళీ యేర్పడగానే ఒక్కుమ్మడి పగులును. ఈ శిలావిస్ఫోటములలో ఎందరో మరణించిరి. 2001లో ఆ గనులు మూతపడెను.

ఖనిజరాశి ఆకారము, లోతు, చుట్టుశిల బలము: ఈ మూడును తెలిసికొన్న పిదపనే త్రవ్వు పద్ధతిని నిర్ణయింపవలెను. ఇందు పొరపాటు జరిగినచో దాని మూల్యము చెల్లించువాడు అడుగున పనిచేయు కార్మికుడే.