ఇంటిపేరు వెనుక ఊరు

మొన్న శ్రావణమాసంలో మా ఇంటికి పేరంటానికి వచ్చిన ఒకావిడ తాంబూలం పుచ్చుకుంటూ, "మీ పుట్టింటివారి ఇంటిపేరేమిటండీ?" అని అడిగింది. చెప్పాను. "మీ అమ్మగారి పుట్టింటివారిది?" అదీ చెప్పాను. "మరి మీ అమ్మమ్మగారి పుట్టింటివారిదో?" అనేసరికి నోరు వెళ్ళబెట్టాను. అమ్మమ్మ చేతి జొన్నరొట్టె రుచి నాకు గుర్తుంది. ఆమె పండుగలకు కట్టే గద్వాలచీర అంచు రంగు గుర్తుంది. కానీ పెళ్ళికి ముందు ఆమె ఎవరింటి పిల్లో నాకు తెలియదు! మీలో ఎంతమందికి తెలుసో ఒక్కసారి మనసులో లెక్క వేసుకోండి.

మాది పాలమూరు. 2016లో జిల్లాలు విడదీశాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేటికవే జిల్లాలైపోయాయి. మా చుట్టాలు మాత్రం మూడింటిలోనూ చెల్లాచెదురుగా ఉన్నారు. ఆ రోజునుంచీ ఇంటిపేర్ల సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. తెలిసినంత మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మన తెలుగువారి ఇంటిపేర్లలో వృత్తుల పేర్లున్నాయి, వస్తువుల పేర్లున్నాయి, బిరుదులున్నాయి. అవన్నీ అలా ఉంచి ఊళ్ళ పేర్లు చూడండి. లెక్కకు ఎక్కువ అవే. టంగుటూరి ప్రకాశం పంతులుగారు, కందుకూరి వీరేశలింగం పంతులుగారు - టంగుటూరు టంగుటూరి అయింది, కందుకూరు కందుకూరి అయింది. వెలుగోడు వెలుగోటి అయింది. చివర ఆ చిన్న మార్పుతోనే 'ఆ ఊరికి చెందినవారు' అన్న అర్థం వచ్చేసింది. పల్లి, వరం, కొండ అని ముగిసేవాటికి ఆ మార్పు కూడా అక్కరలేదు.

ఇక్కడొక తమాషా ఉంది. టంగుటూరులో ఉన్నంతకాలం ఎవరినీ టంగుటూరివారు అని పిలవనక్కరలేదు. ఊరంతా టంగుటూరువారే కదా! ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరినప్పుడే కొత్త ఊరివాళ్ళు "ఎవరూ, ఆ టంగుటూరివారా?" అంటారు. అంటే మన ఇంటిపేరు మనం ఉంటున్న ఊరు చెప్పదు, మనవాళ్ళు వదిలివచ్చిన ఊరు చెబుతుందన్నమాట. ఎప్పుడో ఒక బండి కట్టుకుని, చంటిపిల్లలతో, గిన్నెలూ చేటలూ సర్దుకుని బయలుదేరిన ఒక సంసారం గుర్తు అందులో మిగిలి ఉంది. ఒకే ఊరినుంచి వేరు వేరు కులాలవారు తరలి ఉంటారు కాబట్టే ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో కనిపిస్తుంది. పేరు వినగానే కులం కనిపెట్టేశామనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

మా వైపు ఇంటిపేర్లలో కథ బాగా తెలిసినది వనపర్తి సంస్థానాధీశులది. వారి ఇంటిపేరు జనుంపల్లి. ఆ జనుంపల్లి నంద్యాల ప్రాంతంలోని ఊరు. 16వ శతాబ్దం మొదటి భాగంలో వీరకృష్ణారెడ్డి అనే ఆయన అక్కణ్ణుంచి కృష్ణానది దాటి ఇవతలికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన సంతతివారు మొదట సూగూరులో ఉండి ఏలారు. అందుకే చాలాకాలం అది సూగూరు సంస్థానం. తరువాతి కాలంలో రాజధాని వనపర్తికి మారింది. మరి ఇంటిపేరు సూగూరివారు అయిందా? వనపర్తివారు అయిందా? కాలేదు. సంస్థానం పేరు మారింది, ఏలికలైన గోల్కొండ నవాబులు పోయి నిజాములు వచ్చారు, బహిరీ అనీ బల్వంత్ అనీ బిరుదులు వచ్చి చేరాయి. ఆఖరికి పేరు చివరనుండే 'రెడ్డి' పోయి 'రావు' వచ్చింది. వీరకృష్ణారెడ్డి వంశంవారు గోపాలరావు, రామేశ్వరరావు, కృష్ణదేవరావు అయ్యారు. ఇంతలోనూ, వదిలివచ్చిన ఆ చిన్న పల్లె పేరు మటుకు ముందు అలాగే నిలబడింది.

వనపర్తి మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి చెప్పాలి. హైదరాబాదులో మాసాబ్‌ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఏసీ అంటే చల్లటిగాలి మిషను అనుకునేవాళ్ళు నాకు తెలుసు! కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ - ఆఫ్రికా గుర్రపుదళం. 19వ శతాబ్దంలో వనపర్తిని ఏలిన మొదటి రామేశ్వరరావు ఆఫ్రికావారైన సిద్దీలతో ఒక అంగరక్షకదళం పెట్టుకున్నాడు. తరువాత ఆ దళం నిజాము కొలువులో చేరింది. వాళ్ళు కాపురాలున్న చోటికి ఆ పేరు నిలిచింది. సముద్రం దాటించి తెచ్చిన ఆ మనుషుల ఊళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ కులమూ, గోత్రమూ, ఇంటిపేరూ అన్నీ కలిపి 'సిద్దీ' అన్న ఒక్క మాటలో మూటకట్టేశారు. ఆ రాజుగారి వంశంలోనే మూడవ రామేశ్వరరావుగారు స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం తరఫున ఆఫ్రికాలో దౌత్యవేత్తగా పనిచేశారు. తరువాత పార్లమెంటు సభ్యులయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తక సంస్థ నడిపారు. కాగితాల్లో ఆయన జె. రామేశ్వరరావు. ఆ జె అంటే జనుంపల్లే.

అదే జె అక్షరం ఒక ఆడపడుచు పేరుకు ముందు కూడా చేరింది. కుముదినీదేవిగారు 1911లో పింగళివారి ఇంట పుట్టారు. ఆమె తండ్రి హైదరాబాదు రాజ్యంలో పెద్ద పదవి చూసినవారు. ఆమె వనపర్తి సంస్థానపు కోడలై వచ్చారు. 1962లో హైదరాబాదు నగరానికి మేయరయ్యారు, వనపర్తినుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. కుష్ఠురోగులకోసం కూకట్‌పల్లిలో శివానంద ఆశ్రమం వెలిసిందంటే అందులో ఆమె చేయి ఉంది. ఎన్నికల పట్టీలో ఆమె పేరు జె. కుముదినీదేవి. పింగళి అన్నది పట్టీలో ఎక్కడా లేదు. ఆమెవంటి పెద్దింటి ఆడపడుచు కాబట్టి పుట్టింటిపేరు పుస్తకాల్లోనైనా మిగిలింది. మా అమ్మమ్మలాంటివారి సంగతేమిటి?

గద్వాల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి మాట తీసుకోండి. భర్త పోయాక, 1924నుంచి సంస్థానం విలీనమయ్యేదాకా రాజ్యం నడిపింది ఆవిడే. గద్వాల చీరలు దేశమంతటా పేరు తెచ్చుకోవడం వెనుక కూడా ఆమె ప్రోత్సాహం ఉంది. గద్వాల రాజుల ఇంటిపేరు ముష్టిపల్లి. ఆమె పేరుమీద ఊళ్ళో డిగ్రీ కాలేజీ ఉంది. పిల్లలు దాన్ని ఎం.ఏ.ఎల్.డి. కాలేజీ అంటారు. ఆ ఎం అక్షరం ముష్టిపల్లి కాదండోయ్, మహారాణి! పుట్టింటి పేరూ లేదు, అత్తింటి పేరూ లేదు, పదవీ తన పేరూ అంతే. ఇది నాకెందుకో బాగా నచ్చింది.

ఇంటిపేరు మారడం ఆడవాళ్ళకే అనుకోకండి. మగవాళ్ళకూ మారుతుంది, దత్తత వెళ్ళినప్పుడు. నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజులు సురభివారు. అదే జటప్రోలు సంస్థానం. వారింటికి నెల్లూరు సీమనుంచి, వెంకటగిరి వెలుగోటివారి బిడ్డ దత్తత వచ్చి సురభి వెంకటలక్ష్మారావుగారయ్యారు. తోడబుట్టిన ఇంకొకరు బొబ్బిలికి దత్తత వెళ్ళి రావువారయ్యారు. కానీ ఆ దత్తతలన్నీ కాగితాలమీద ఉన్నాయి. చరిత్ర రాసినవాళ్ళు వరసాగా రాసి పెట్టుకున్నారు. మన కన్యాదానాలు ఎవరు రాశారు?

కృష్ణ ఒడ్డు ఊళ్ళవారికి ఇంటిపేరంటే ఇంకా బరువైన సంగతి. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు, 1981 ప్రాంతంలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి ఊడదీసి అలంపురంలో మళ్ళీ కట్టారు. జటప్రోలు, సోమశిల గుళ్ళనూ అలాగే తరలించారు. దేవుళ్ళకు అలా చోటు దొరికింది. మనుషులు మాత్రం ఎటు దారి కనిపిస్తే అటు వెళ్ళారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కూడా అందులోనే పోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడల మొదళ్ళు కనిపిస్తాయట. ఇలాంటి ఊళ్ళ పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నా, బొంబాయిలో ఉన్నా, ఆ ఊరు మాత్రం వాళ్ళ సంతకంలోనే మిగిలింది.

పొట్టచేత పట్టుకుని వెళ్ళిన పేదలకు ఆ మాత్రం గుర్తూ మిగలనివ్వలేదు లోకం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మావాళ్ళు తట్టా పారా పట్టుకుని వెళ్ళేవాళ్ళు. మేస్త్రీ లెక్కపుస్తకంలో అందరికీ ఒకటే పేరు - 'పాలమూరు లేబర్'. పందొమ్మిదో శతాబ్దంలో కోస్తానుంచి ఓడలెక్కి మారిషస్ చెరుకుతోటలకు వెళ్ళిన తెలుగువారికీ ఇదే అయింది. ఎక్కిన రేవు కొరంగి కాబట్టి వాళ్ళు కొరంగీలు. దొరల గుమాస్తాలు మనిషి పేరు, తండ్రి పేరు రాసుకున్నారు. ఆ తండ్రి పేరే మనవలకు ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరేమిటో ఈనాడు వెతుక్కుంటున్నారు. దక్షిణాఫ్రికాలో అయితే నాయుడు అన్నదే ఎందరికో ఇంటిపేరు.

తెలంగాణాలో కవులే లేరని ఎవరో అన్నప్పుడు, గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాస్తవ్యులు సురవరం ప్రతాపరెడ్డిగారు వాదానికి దిగలేదు. ఊరూరా ఉత్తరాలు రాయించి, వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవుల పద్యాలతో 'గోల్కొండ కవుల సంచిక' అచ్చు వేశారు. 'ఇదిగో పేర్లు, చూసుకోండి' అన్నట్టు! నేను అంత పని చేయలేను గానీ, మా పిల్లవాడి పాత లెక్కల నోటుబుక్కు ఒకటి తీసి గీతలు గీశాను. మగవాళ్ళ పేర్లు ఏడు తరాలదాకా మా వారే గడగడా చెప్పేశారు. ఆడవాళ్ళ గళ్ళకొచ్చేసరికి అత్తయ్యగారిని పట్టుకున్నాను.

"అత్తయ్యా, మీ అమ్మ పుట్టింటి పేరేమిటి?"

ఆమెకు ఎనభై దాటాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. "ఎవరడిగిన్రు బిడ్డా ఇన్నేండ్లు! మా అమ్మను 'నదవతలి పిల్ల' అనేటోళ్ళు. అయ్యిజ దిక్కు నుంచి వచ్చింది. పేరు... నోటిదాకా వస్తున్నది, వస్త లేదు" అంది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పదింటికి లైటు తీసేశాక మళ్ళీ పిలిచి, "గద్వాలల మా చెల్లెకు ఎర్కుంటది, అది అమ్మ దగ్గర ఎక్కువ పెరిగింది" అంది.

ఫోను చేశాను గానీ ఆ చిన్నత్తయ్యకు చెవులు వినపడవు. అవతల కోడలు అరిచి అడిగితే, "వచ్చి అడగమను, రొట్టెలు చేసి పెడత" అందట. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు అత్తయ్యా నేనూ గద్వాలకు వెళుతున్నాము. నోటుబుక్కు సంచిలో పెట్టేశాను.