శృంగేరి శారదాపీఠం: పాఠం నిలబెట్టిన మఠం

కర్ణాటకలోని శృంగేరి కథను చాలామంది తుంగ నది ఒడ్డున ఎండలో ప్రసవిస్తున్న కప్పకు నాగుపాము పడగ పట్టిన ఘట్టంతో మొదలుపెడతారు. పుట్టుకతో వచ్చిన వైరం కూడా మరచిపోయే చోటు ఇదేనని ఆదిశంకరులు అక్కడ మఠం నెలకొల్పారన్నది ఐతిహ్యం. అందుకు గుర్తుగా ఏటి మెట్ల దగ్గర ‘కప్పె శంకర’ అనే చిన్న గుడి కూడా ఉంది. ఆ కథ క్షేత్రానికి అందం. చరిత్ర తెలుసుకోవాలంటే మాత్రం 1346 దగ్గర మొదలుపెట్టడం మేలు.

ఆ ఏడాది విజయనగర రాజ్యాన్ని కొత్తగా నిలబెట్టిన హరిహరుడు తన తమ్ములతో కలిసి ఈ మలెనాడు కొండల మధ్యకు వచ్చి విజయోత్సవం జరుపుకున్నాడు. అక్కడున్న భారతీతీర్థులకు, ఆయన శిష్యులకు గ్రామాలు దానం చేశాడు. ఆ సంగతి శాసనంలో ఉంది. శృంగేరిలో ఒక అద్వైత గురువు, ఆయన చుట్టూ చదువుకునే శిష్యబృందం ఉన్నట్టు నిక్కచ్చిగా చెప్పే తొలి ఆధారాల్లో ఇదొకటి.

అంతకుముందు సంగతి ఏమిటి? సంప్రదాయం ప్రకారం శంకరులు దేశం నాలుగు మూలలా నాలుగు పీఠాలు స్థాపించి, దక్షిణామ్నాయమైన (దక్షిణ దిక్కు పీఠమైన) శృంగేరిని సురేశ్వరాచార్యులకు అప్పగించారు. దీనికి యజుర్వేదాన్ని, ఆ వేదానికి చెందిన మహావాక్యాన్ని (జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని చెప్పే ఉపనిషత్తు మాటను) కేటాయించారు. ఇక్కడి సన్యాసుల పేర్ల చివర వచ్చే యోగపట్టాలు సరస్వతి, భారతి, పురి. అయితే శంకరుల భాష్యాల్లో మఠస్థాపన ప్రసక్తి లేదు. తొలి గురువుల కాలం నాటి శాసనాలు లేవు. పైగా 12వ శతాబ్దిలో శృంగేరి జైనులకూ నెలవే. ఊరి నడుమ ఉన్న పార్శ్వనాథ బసది ఆ కాలపుదే. ఈ కారణాల వల్ల హెర్మన్ కుల్కే వంటి చరిత్రకారులు, శృంగేరి మహాపీఠంగా రూపుకట్టింది విజయనగర కాలంలోనేనని వాదించారు. భక్తులకు ఈ మాట కష్టం కలిగించవచ్చు. నా మటుకు ఇది పీఠం గౌరవాన్ని తగ్గించే వాదన కాదు. 14వ శతాబ్దిలో అక్కడ జరిగిన పని అంత పెద్దది. దానికి ప్రాచీనత అనే ఆసరా అక్కర్లేదు.

ఆ పనికి ముందు అద్వైతం ఒక్క గొంతుతో ఏమీ లేదు. శంకరుల శిష్యుడు పద్మపాదుడు బ్రహ్మసూత్రభాష్యానికి పంచపాదిక రాశాడు. దాని మీద ప్రకాశాత్ముడు రాసిన వివరణం ఒక ప్రస్థానమైంది. వాచస్పతిమిశ్రుడి భామతి మరో ప్రస్థానం. సురేశ్వరులు నైష్కర్మ్యసిద్ధిలో, బృహదారణ్యక వార్తికంలో వాదించినది ఇంకొక పదునైన మాట: అర్హుడైన శిష్యుడు మహావాక్యాన్ని సరిగ్గా వింటే చాలు, ఆ వినికిడిలోనే జ్ఞానం కలుగుతుంది, ఆ తరువాత ధ్యానంతో దానికి బలం చేకూర్చే పని లేదు. మండనమిశ్రుడి బ్రహ్మసిద్ధి దీనికి భిన్నంగా, శ్రవణం తరువాత ధ్యానాభ్యాసం కావాలంటుంది. మండనుడే శంకరుల చేతిలో వాదంలో ఓడిపోయి సురేశ్వరుడయ్యాడన్న కథను చాలామంది పండితులు నమ్మకపోవడానికి ఈ తేడానే కారణం. వినడం వల్లే ముక్తి అన్న సిద్ధాంతాన్ని నమ్మిన చోట వినిపించే గురువు తప్పనిసరి. శృంగేరిలో పాఠానికి దక్కిన ప్రాధాన్యానికి మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

విద్యాతీర్థులు, భారతీతీర్థులు, విద్యారణ్యులు, ఈ ముగ్గురి కాలం శృంగేరికి స్వర్ణయుగం. విద్యాతీర్థుల పేర వెలసిన విద్యాశంకర ఆలయాన్ని ఈనాటికీ చూడవచ్చు. హొయ్సళ, ద్రావిడ రీతులు కలిసిన ఆ రాతి గుడి మండపంలో పన్నెండు రాశుల స్తంభాలున్నాయి. సూర్యుడు ఏ రాశిలో ఉంటే ఆ స్తంభం మీద ఉదయకిరణాలు పడేలా వాటిని అమర్చారని చెబుతారు. భారతీతీర్థులు బ్రహ్మసూత్రాల అధికరణాలన్నిటినీ శ్లోకాల్లో కుదించి వైయాసిక న్యాయమాల రాశారు. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అన్న వరసలో ప్రతి అధికరణం సారాన్నీ నోటికి వచ్చేలా చేసిన పుస్తకం అది. పాఠం చెప్పే గురువు అవసరం తెలిసిన మనిషి రాసిన గ్రంథమని చదువుతుంటే అర్థమవుతుంది.

విద్యారణ్యుల దగ్గరికి వచ్చేసరికి తెలుగువారికి వెంటనే గుర్తొచ్చేది రాజ్యస్థాపన కథ. హరిహర బుక్కరాయలను దీవించి విజయనగరానికి ముహూర్తం పెట్టిన గురువుగా ఆయన మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చారు. కానీ 1346 శాసనంలో ఉన్నది భారతీతీర్థుల పేరు. విద్యారణ్యుల పేరు శాసనాల్లో స్పష్టంగా కనబడేది 1370ల నుంచే. ఆయన పీఠం మీద ఉన్నది 1380 నుంచి 1386 దాకా, ఆరేళ్లే. ఆయన గతించాక రెండవ హరిహరుడు ఆయన పేర విద్యారణ్యపురం అనే అగ్రహారం ఏర్పరిచాడు. నగరస్థాపన కథ చాలావరకు తరువాతి తరాలు అల్లుకున్నది. వేదభాష్యకారుడు సాయణుడి అన్న, మంత్రి అయిన మాధవాచార్యులే సన్యసించి విద్యారణ్యులయ్యారా అన్నదాని మీద కూడా పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఇవన్నీ పక్కన పెట్టినా మిగిలేది పంచదశి. రాజ్యం 1565 తరువాత కూలింది. పంచదశి ఇవాళ కూడా పాఠశాలల్లో నడుస్తోంది.

ఆ గ్రంథం గురించి కాస్త ఆగి చెప్పాలి. పదిహేను ప్రకరణాలు. అయిదు వివేకాలు, అయిదు దీపాలు, అయిదు ఆనందాలు. సంప్రదాయంలో కొన్ని ప్రకరణాలను భారతీతీర్థులకు ఆపాదించేవారూ ఉన్నారు. చిత్రదీపంలో విద్యారణ్యులు ఒక బట్టను తీసుకుంటారు. మొదట ఉతికిన తెల్లబట్ట, తరువాత గంజి పెట్టి గట్టిపరిచిన బట్ట, ఆపైన గీతలు గీసినది, చివరికి రంగులద్దినది. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినవారికి ఈ వరస కొత్తగా అనిపించదు. శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనే నాలుగు మెట్లను ఆయన ఆ బట్ట మీద చూపిస్తారు. రంగులెన్ని అద్దినా కింద ఉన్న బట్ట ఒక్కటే. బొమ్మలో మనుషులు కట్టిన చీరలు కూడా నిజం చీరలు కావు, రంగులే. నాటకదీపంలో రంగస్థలం మీది దీపం యజమానినీ, సభ్యులనూ, నర్తకినీ ఒకేలా వెలిగిస్తుంది. అందరూ వెళ్లిపోయాక ఖాళీ రంగాన్ని కూడా వెలిగిస్తూనే ఉంటుంది. సాక్షిచైతన్యం అంటే ఏమిటో ఇంతకన్నా తేటగా చెప్పిన చోటు నేను చదవలేదు.

జీవన్ముక్తివివేకంలో ఆయన మరో అడుగు వేశారు. జ్ఞానం కలిగినా పాత వాసనలు వదలవు, మనసు ఊరుకోదు. అందుకే తత్త్వజ్ఞానంతోపాటు వాసనాక్షయం, మనోనాశం కూడా సాధించాలన్నారు. సురేశ్వరుల నిక్కచ్చితనం పక్కన పెట్టి చూస్తే ఇది సన్నటి మార్పు కాదు. యోగాభ్యాసానికి అద్వైతంలో గౌరవస్థానం దొరికింది. తత్త్వం తెలిసిన మనిషి బతుకు ఎలా ఉండాలన్న ప్రశ్న ముందుకొచ్చింది. రాజగురువుగా పేరుపడిన మనిషి ఈ పుస్తకం రాయడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

ఎందుకంటే ఆ తరువాతి శతాబ్దాల్లో శృంగేరి మఠమే ఒక సంస్థానమైంది. జగద్గురువుల బిరుదావళిలో ‘కర్ణాటక సింహాసన ప్రతిష్ఠాపనాచార్య’ చేరింది. నవరాత్రుల్లో దర్బారు, కిరీటం, అడ్డపల్లకి. జాగీరు గ్రామాలు, వాటి పన్నులు, తగాదాల తీర్పులు. కెళది నాయకులు, ఆ తరువాత మైసూరు పాలకులు ఈ ఏర్పాటును పోషించారు. అన్నీ ఒక్కటేనని చెప్పే గురువుకు ఇంత హంగెందుకని అడగడం సులువు. శిష్యులకు తిండి, పండితులకు జీతం, తాళపత్రాలకు నీడ ఇచ్చింది ఆ భూములేనన్నది కూడా అంతే నిజం.

సంపద ఉన్నచోటికి దోపిడీ వస్తుంది. 1791లో మూడవ మైసూరు యుద్ధం నడుస్తుండగా పరశురాం భావు పట్వర్ధన్ దండుకు చెందిన మరాఠా గుర్రపు సేన శృంగేరిని కొల్లగొట్టింది. ప్రాణాలు పోయాయి, శారదాంబ విగ్రహం స్థానభ్రంశమైంది. పీఠం మీదున్న మూడవ సచ్చిదానంద భారతి కార్కళకు వెళ్లి తలదాచుకోవలసి వచ్చింది. అప్పుడు పునఃప్రతిష్ఠకు డబ్బూ సరుకులూ పంపించమని బెదనూరు అధికారికి ఆజ్ఞ ఇచ్చినవాడు టిప్పు సుల్తాను. స్వామివారిని జగద్గురువని సంబోధిస్తూ, శతచండీ, సహస్రచండీ జపాలు చేయించమని కోరుతూ అతడు రాయించిన కన్నడ లేఖలు మఠంలోనే భద్రంగా ఉన్నాయి. 1916లో మైసూరు పురావస్తుశాఖ అధిపతి ఆర్. నరసింహాచార్ వాటిని వెలుగులోకి తెచ్చాడు. హిందూ సేనలు దోచిన మఠాన్ని ముస్లిం రాజు నిలబెట్టాడన్న ఈ సంగతిని ఇవాళ రెండు వైపులవారూ తమకు కావలసినంతే వాడుకుంటున్నారు. లేఖలను పూర్తిగా చదివితే కనబడేది కష్టకాలంలో దేశపు గురుపీఠం ఆశీస్సులు కావలసిన పాలకుడు, ఆ పాలకుడి గౌరవం అందుకున్న సన్యాసి.

ఆధునిక కాలానికి శృంగేరిని మలిచినవారు సచ్చిదానంద శివాభినవ నృసింహభారతి. 1879 నుంచి 1912 దాకా పీఠంలో ఉన్నారు. శంకరుల జన్మస్థలమైన కాలడిని గుర్తించి, తిరువాన్కూరు సంస్థానం సహకారంతో 1910లో అక్కడ ఆలయాలు ప్రతిష్ఠించారు. అదే కాలంలో శ్రీరంగంలోని వాణీవిలాస ముద్రణాలయం శంకరుల గ్రంథాలను 20 సంపుటాలుగా అచ్చువేసింది. శృంగేరిలో మహాపాఠశాలకు పునాది వేసినదీ ఆయనే. తర్కం, వ్యాకరణం, మీమాంస గట్టిపడ్డాక వేదాంతంలోకి అడుగుపెట్టే క్రమం అక్కడిది. తర్కంలో తొలి పుస్తకం మన తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం. వినాయకచవితి రోజుల్లో జరిగే మహాగణపతి వాక్యార్థసభ కూడా ఆయన మొదలుపెట్టినదే. ఒక పండితుడు శాస్త్రంలో ఒక భాగం ఎత్తుకుని వాక్యం వాక్యం సమర్థిస్తాడు, మిగతావారు పూర్వపక్షాలతో అడ్డుకుంటారు, జగద్గురువు అధ్యక్షులుగా ఉండి తానూ చర్చలో దిగుతారు. పీఠాధిపతి పాదపూజలు అందుకునే మూర్తి మాత్రమే కాదు, ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పండితుడని గుర్తుచేసే సభ ఇది. శృంగేరిలో నాకు దర్బారు కన్నా ఈ సభ మీదే గౌరవమెక్కువ.

ఆయన తరువాత వచ్చిన చంద్రశేఖరభారతి (1912–1954) దాదాపు ఉల్టా మనిషి. పాఠాలు చెప్పారు, వివేకచూడామణికి వ్యాఖ్య రాశారు, కానీ ఏళ్లకేళ్లు అంతర్ముఖులై లోకానికి దూరంగా ఉండిపోయారు. 1931లోనే అభినవ విద్యాతీర్థులకు సన్యాసం ఇచ్చారు. మఠ వ్యవహారాల భారం క్రమంగా ఆ శిష్యుడి మీద పడింది. 1954లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ శృంగేరి వచ్చి దర్శించుకున్న కొద్ది వారాలకే చంద్రశేఖరభారతి తుంగలో తనువు చాలించారు. జీవన్ముక్తివివేకంలోని మనిషి ఎలా ఉంటాడని అడిగితే శృంగేరివాళ్లు ఆయన పేరే చెబుతారు. ఇనాముల రద్దుతో 1950ల్లో జాగీరు పోయింది. రాజులు లేరు, గ్రామాలు లేవు. అప్పుడు అభినవ విద్యాతీర్థులు దేశమంతా తిరిగి, కొత్త శిష్యవర్గాన్ని కూడగట్టి, పాఠశాలను కాపాడారు.

ఇక్కడినుంచి కథ మన నేలకు తిరుగుతుంది. 1951లో మచిలీపట్నంలో పుట్టిన ఒక తెలుగు కుర్రవాడు 1966లో ఉజ్జయినిలో అభినవ విద్యాతీర్థులను ఆశ్రయించాడు. ఎనిమిదేళ్ల చదువు తరువాత, 1974లో ఆ కుర్రవాడే సన్యసించి, 14వ శతాబ్ది గురువు పేరుతోనే భారతీతీర్థులయ్యారు. 1989 నుంచి 36వ పీఠాధిపతి. ఆయన 2015లో సన్యాసమిచ్చిన విధుశేఖరభారతి తిరుపతిలో వేదపండితుల ఇంట పుట్టినవారు. హైదరాబాదు నల్లకుంట శంకరమఠం కూడా ఈ పీఠానిదే.

ఒక లోటు చెప్పకుండా ఉండలేను. అందరిలో ఉన్నది ఒకే చైతన్యమన్న ఈ శాస్త్రం సంప్రదాయ పాఠశాలలో చాలాకాలం ఒక్క వర్ణం మగపిల్లలకే దక్కింది. ఉపన్యాసాలు, అచ్చుపుస్తకాలు కొంత దారి తెరిచాయి. గురువు ఎదుట కూర్చుని చదివే చదువు మాత్రం ఇంకా అందరిదీ కాలేదు. పాఠం మీద నిలబడిన పీఠానికి ఈ పని చేయడం శక్తికి మించినది కాదు, చేయాలి.

మరో పని మనది. శృంగేరి మఠంలోని పాత లేఖలను, కడతాలను (బట్ట మీద రాసిన లెక్కల పుస్తకాలను) ఎ.కె. శాస్త్రి ఏళ్ల తరబడి చదివి, 2009లో అచ్చులోకి తెచ్చారు. టిప్పు లేఖలైనా, జాగీరు లెక్కలైనా ఇవాళ పుకార్ల మీద ఆధారపడకుండా మాట్లాడగలుగుతున్నామంటే అటువంటి శ్రమ వల్లే. తెలుగు నేల మీద కడప జిల్లాలో పుష్పగిరి పీఠం ఉంది. శంకరుల పేరు చెప్పుకునే చిన్న మఠాలు, వాటి అగ్రహారాలు ఎన్నో ఉన్నాయి. మీ ఊళ్లో, మీ ఇంట్లో వాటికి సంబంధించిన తాళపత్రం, దానపత్రం, పాత ఉత్తరం ఏదైనా ఉంటే పారేయకండి. దగ్గరలోని విశ్వవిద్యాలయం చరిత్రశాఖకో, రాష్ట్ర పురావస్తుశాఖకో చూపించండి.