కాఫీచెట్టు వంశకథ

కాఫీ నేడు మన పల్లెలకు సైతము పరిచితమైన పానీయము. ఇంటికి వచ్చిన చుట్టమునకు ఇంత కాఫీ యీయకున్న మర్యాద తప్పెనని యెంచు కాలమిది. అయినను ఆ చెట్టు పుట్టినచోటు ఏదో, దారిలో అది యెట్టి యాపద పాలయ్యెనో విచారించువారు తక్కువ. సేద్యము నెఱిగిన పెద్దలకు ఆ కథ యుపకరించునని తలచి సంగ్రహముగా మనవి చేయుచున్నాను.

మేలిరకపు కాఫీని అరబికా అందురు. పేరు అరబ్బులదేగాని పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా కొండలు. అచ్చటి యడవులలో పెద్దచెట్ల నీడను అది నేటికిని తనంత తాను పెరుగుచున్నది. ఎఱ్ఱసముద్రమున కావల నున్న యెమెన్ దేశస్థులు దానిని కొండచఱియలపై సాగుచేసిరి. 15వ శతాబ్దమున అచ్చటి సూఫీ సాధువులు రాత్రి ప్రార్థనలయందు నిద్ర రాకుండుటకై దానిని సేవించెడివారు.

మక్కాయాత్ర నుండి మరలివచ్చుచు బాబా బుడన్ అను ఫకీరు ఏడు గింజలు తెచ్చి, నేటి కర్ణాటకమందలి చిక్కమగళూరు కొండలలో నాటెనని అచ్చటివారి ఐతిహ్యము. 17వ శతాబ్దాంతమున డచ్చివారు మలబారు తీరమునుండి మొక్కలను జావాకు గొనిపోయిరి. జావా మొక్క 1706లో ఆంస్టర్‌డాం తోటకు చేరెను. దాని సంతతిలో నొకటి 1714లో ఫ్రెంచి రాజగు పదునాలుగవ లూయీకి కానుకగా పోయెను. అమెరికా ఖండపు తోటలలో పెక్కింటికి మూలము ఈ వంశమే.

ఇందొక ప్రమాదము దాగియుండెను. అరబికా పూవు తన పుప్పొడితోనే తాను ఫలించును, బిడ్డలందఱు తల్లిపోలికయే. కొలది మొక్కలనుండి వచ్చిన సంతతి లోకమంతట నిండెను. ఒకదానిని చంపగల తెగులు అన్నిటిని చంపగలదు.

సింహళద్వీపమున ఇదియే జరిగెను. ఆంగ్లేయులు అచ్చటి కొండలపై అడవి నఱికి, ఎడతెగక కాఫీయే నాటించిరి. 1869లో ఆకుల యడుగుభాగమున నారింజరంగు పొడి కనబడెను. అదియే తుప్పు తెగులు. ఆకులు రాలెను, కాపు తగ్గెను. అయినను ధర హెచ్చుగా నున్నందున దొరలు క్రొత్త తోటలు వేయుచునే యుండిరి. 1878 నాటికి సాగు సుమారు 2,75,000 ఎకరములకు పెరిగెను. 1880లో మార్షల్ వార్డు అను శాస్త్రజ్ఞుడు వచ్చి పరిశీలించి, ఆ పొడి గాలిలో నెగిరి తడియాకుపై మొలచునని నిరూపించెను. అడ్డులేని ఏకపంట ఆ గాలికి రాజమార్గమయ్యెను. కారణము తెలిసెనుగాని కాలము మించిపోయెను. తోటలు నశించెను, కూలీలు పనులు కోల్పోయిరి, 1884లో ఓరియంటల్ బ్యాంకు మూతపడెను. జేమ్సు టేలర్ అను నతడు 1867లో లూల్‌కందురలో చిన్న తోటగా నాటిన తేయాకే తుదకు ఆ దేశమును నిలబెట్టెను.

దక్షిణ హిందూదేశమునను ఈ తెగులు ప్రవేశించెను. అయితే ఇచ్చట నీడచెట్ల క్రింది సేద్యము కొంత యాదుకొనెను. పిదప బాలెహొన్నూరు పరిశోధనాలయమువారు, లైబీరికా యను వేఱుజాతి రక్తము కొంత కలిసిన అరబికాను కెంట్ అను రకముతో సంకరము చేసి, 795 సంఖ్యగల వంగడమును 1940 దశకమున రైతులకిచ్చిరి. తెగులు నెదిరించు బలము వేఱుజాతి దాయాదులనుండి లభించినదని గమనింపుడు.

తుప్పు తెగులు నశింపలేదు. 1970లో బ్రెజిలు నందును కనబడెను. నేడు మన అరకు కొండలలో గిరిజన సోదరులు నీడచెట్ల క్రింద కాఫీ పెంచుచు, ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకించుచున్నారు. ఒక పంట తప్పినను రెండవది కొంత చేయూత నిచ్చును.

వరియైనను, మిరపయైనను, ఊరంతయు ఒకే విత్తనము చల్లుట తఱచగుచున్న దినములివి. మీ గాదెలలో తాతలనాటి వంగడములు ఇంకను మిగిలియున్నచో, దిగుబడి తక్కువయని వానిని పూర్తిగా విడిచిపెట్టకుడు. ఏటేట ఒక మడియందైనను విత్తి, విత్తనము నిలుపుడని నా మనవి.